గద్దెరేవులో కురవని మూడు అంగుళాలు

ఇప్పలగూడెం,
19-7-1966.

కురవని వానను కురిసిందని రాశావు బావా. ఆ రాత పట్టుకుని తాసీలు వాళ్ళు మా ఊరి కరువు పని బంద్ చేశారు. వందనాలు, క్షేమ సమాచారాలు రాసే ఓపిక నాకు లేదు. కడుపు నిండినవాళ్ళు రాసుకుంటారు.

జరిగింది చెబుతా విను. నిన్న పొద్దున మేమంతా చెరువులో మట్టి మోస్తున్నాం. ఎండిపోయిన చెరువులో పూడిక తీసి కట్టకు పోసే పని. ఎండాకాలం నుంచి ఊరికి అదొక్కటే కూడు. మేస్త్రి అంబదాస్ సైకిలు దిగకుండానే అరిచాడు.

"బస్, బస్! తట్టలు కింద పెట్టుండ్రి. పని ఖతం. గద్దెరేవుల మూడు ఇంచుల వాన పడ్డదట. తాసీలు ఆర్డర్. పోయి నాగండ్లు కట్టుకోండ్రి."

అందరం తలెత్తి చూశాం. ఆకాశం కడిగిన కంచంలా ఉంది. మా పక్కింటి ఐలవ్వ, ఆ మొగుడు లేని ముసలిది, నెత్తిమీది తట్ట దించకుండానే ఆయనకు ఎదురుపోయింది.

"మేస్త్రీ, గద్దెరేవుల వాన పడితె గద్దెరేవోళ్ళు దున్నుకుంటరు. మా భూమి గాడికి పోయి తడిసొస్తదా?"

"నన్నేం అడుగుతవే అవ్వా? గీ చుట్టుపట్ల ఊర్లన్నిటికి గద్దెరేవు వాన డబ్బానే లెక్క. గాడి పంతులు తార్ కొట్టిండు. నేనేం కరూ, ఏం జెయ్య?"

అప్పుడు అందరి కళ్ళూ నా మీదికి తిరిగాయి. గద్దెరేవు మిషన్ బడి పంతులు నా అక్క మొగుడని ఇక్కడ ఎవరికి తెలియదు?

"ఏం బక్కయ్యా, మీ బావ మంచిగ కురిపిచ్చిండు గద!" అన్నాడొకడు.

"ఇంకో తార్ కొట్టుమను. పంట గూడ కోసి కుప్పేసినమని," అన్నాడింకొకడు.

నవ్వారు. నవ్విన ఆ నోళ్ళలో ఆ పూట అంబలి చుక్క పడలేదు.

సాయంత్రం నేను మీ ఊరి పొలిమేర దాకా నడిచి వచ్చాను. ఇంటికి రాలేదు. రాబుద్ధి కాలేదు. నీ బడి వెనక చేలలో గడ్డపార దింపి చూశాను. పైన వాకిట్లో సానుపు చల్లినట్టు పలచటి పెచ్చు, దాని కింద దుమ్ము. నీకు సర్కారు డబ్బా ఉంది. మాకు పదును ఉంది. వాన పడ్డ తెల్లారి మట్టిలో చెయ్యి పెట్టి చూస్తాం. బెత్తెడు తడిస్తే గింజ వేస్తాం. మూడు అంగుళాలు పడితే మోచెయ్యి దాకా దిగుతుంది. నీ చేలల్లో నా చిటికెన వేలు తడవలేదు.

నిన్ను ఒక్కటే అడుగుతున్నా. ఆ వాన ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది? గంటలో దంచిందా, రాత్రంతా ముసురు పట్టిందా? గంటలో దంచితే నీ బడి ముందు మట్టి కోసుకుపోవాలి, పెంకులు జారాలి. ముసురు పడితే చుట్టూ ఉన్న ఊర్లన్నీ తడవాలి. ఈ రెండూ జరగలేదు. ఎంత పడిందో నీ డబ్బా చెప్పింది. ఎట్లా పడిందో నువ్వు చెప్పు. తాసీల్దారు ముందు కుర్చీ దొరికిందా బావా, ఒక చేతిరాతకు?

బక్కయ్య

*

గద్దెరేవు మిషన్ బడి,
23-7-1966.

ప్రియమైన బామ్మర్ది బక్కయ్యకు,

నీ బావ సామ్యూల్ ప్రభువు పేర వందనములు చెప్పి రాయునది. నువ్వు వందనం చెప్పకపోయినా నేను చెబుతాను. అది నా పెంపకం.

దెబోరా, పసివాడు క్షేమం. వాడి మెడ నిలబడింది. అత్తమ్మ పొద్దున్నే కాళ్ళ మీద వేసుకుని నలుగుపెట్టి స్నానం చేయిస్తోంది. ఆమె చేతుల్లో ఏడవని పిల్లవాడు నా చేతుల్లోకి రాగానే గుక్కపట్టి ఏడుస్తాడు. నీ పోలిక అని మీ అక్క అంటుంది.

ఇక నీ ఉత్తరం సంగతి. తపాలా కార్డు మీద అన్ని మాటలు అడ్డంగా, నిలువుగా కుక్కి రాశావు. పోస్టుమాన్ చదివి, నా చేతికిచ్చేటప్పుడు "ఏం సార్, వాన గురించి లడాయా?" అని నవ్వాడు. నా బడి పిల్లల ముందు. కోపం తెచ్చుకోవడానికి నీకు హక్కు ఉందేమో. నన్ను బజారున పెట్టడానికి లేదు.

నువ్వు గడ్డపారతో కొలుస్తావు. నేను కొలపాత్రతో కొలుస్తాను. వర్షమాపకం అంటే ఏమిటో నీకు తెలుసు కాబట్టి చెప్పనక్కర్లేదు, కాని తెలిసినట్టు మాట్లాడవు కాబట్టి చెబుతున్నాను. అయిదు అంగుళాల మూతి గల ఇత్తడి గరాటు. దాని కింద సీసా. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు సీసాలో నీళ్ళు గాజు కొలపాత్రలో వంచి, కంటి ఎత్తున పెట్టి చదవాలి. చదివింది రాయాలి. ఎక్కువ పడితే తంతి కొట్టాలి. తొమ్మిదేళ్ళుగా ఒక్క పొద్దు తప్పకుండా ఈ పని చేస్తున్నాను, జీతం లేకుండా.

పద్నాలుగో తేదీ గురువారం నేను చెన్నూరులో పంతుళ్ళ సమావేశానికి పోయి అక్కడే పండుకున్నాను. శుక్రవారం మొదటి బస్సుకు వచ్చి చూస్తే బడి ముంగిలి తడిగా ఉంది. సీసాలో నీళ్ళున్నాయి. రెండుసార్లు కొలిచాను. డెబ్బయి ఆరు మిల్లీమీటర్లు. నీ పాత లెక్కలో మూడు అంగుళాలు. అందులో ఒక్క చుక్క కూడా నేను కలపలేదు, తీయలేదు. వాన పడినప్పుడు నేను ఊళ్ళో లేను కాబట్టి వేళ తెలియదని రాశాను. అది అబద్ధమా?

వాన మీ ఊరిని అడిగి కురవదు. ఒక మబ్బు ఒక చేను తడిపి పక్క చేను విడిచిపోవడం నువ్వు చూడలేదా? పైగా నువ్వు తవ్వి చూసింది నాలుగు రోజుల ఎండ తర్వాత. నా డబ్బాకు మీ ఆకలి తెలియదు. తెలియకూడదు కూడా. ఆకలి చూసి తక్కువ, పంట చూసి ఎక్కువ చెప్పే డబ్బా ఎవరికి కావాలి?

తాసీల్దారు కుర్చీ మాట ఇంకోసారి నీ కలం నుంచి వస్తే, ఈ గుమ్మం ఎక్కవద్దు.

నీ మేలుకోరే బావ,
సామ్యూల్

*

ఇప్పలగూడెం,
28-7-1966.

నా ప్రశ్నకు జవాబు చెప్పకుండా నాకు పాఠం చెప్పావు. మళ్ళీ కార్డు మీదే రాస్తున్నా. ఒకటి చాలదని మూడు కార్డులు కొన్నాను. పోస్టుమాన్ చదవనీ. చదువు వచ్చినవాడు చదవక ఏం చేస్తాడు?

గుమ్మం ఎక్కొద్దన్నావు. ఎక్కను. నన్ను కన్న అవ్వ, నా అక్క ఆ గుమ్మం లోపల ఉన్నారు కాబట్టి నా నోరు మూత పడుతుందని అనుకుంటే నువ్వు నన్ను ఎరగవు.

ప్రాజెక్టు క్యాంపులో నేను ఖలాసీగా ఉన్నది నీకు తెలుసు. అక్కడ నీ దానిలాంటి డబ్బా పక్కనే ఇంకోటి ఉండేది, తనంతట తానే రాసుకునేది. లోపల గడియారం. గడియారంతో పాటు తిరిగే ఇనుప డోలు. డోలుకు గళ్ళ కాగితం చుట్టి, సిరా పాళీ ఆనించి పెడతారు. వాన నీళ్ళు తొట్టిలో పడుతుంటే తేలే బుడ్డి లేస్తుంది, బుడ్డితో పాటు పాళీ లేస్తుంది. తొట్టి నిండితే నీళ్ళు ఒక్కసారే బయటికి జారిపోతాయి. పాళీ కిందికి పడి మళ్ళీ ఎక్కడం మొదలుపెడుతుంది. వాన లేనప్పుడు గీత అడ్డంగా పడుకుంటుంది. ముసురైతే కొండగట్టు ఎక్కే ముసలమ్మలా మెల్లమెల్లగా పోతుంది. జడివానైతే నిటారుగా లేస్తుంది. ఆ గీతను చూస్తే ఎంత పడిందో కాదు, ఎంత జోరుగా పడిందో తెలుస్తుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. డోలు తుడుస్తూ తుడుస్తూ నేనే తెలుసుకున్నా. నీ బళ్ళో నాలుగు నెలలు కూర్చుంటే నువ్వు నేర్పింది బెత్తం దెబ్బ ఒక్కటే. అక్షరాలు నాకు క్యాంపు కొట్లో పకోడీలు కట్టిచ్చిన పేపరు నేర్పింది.

చెన్నూరు బంగళాలో అలాంటి డోలు డబ్బా ఉంది. దానికి కావలి సిద్దిరాములు, క్యాంపులో నాతో పనిచేసినవాడు. మొన్న నడిచిపోయాను.

"ఏందిరా బక్కిగా, వాన కోసం గింత దూరం వచ్చినవా? గీడ గూడ లేదు," అన్నాడు.

"గా పద్నాలుగు తారీకు గురువారం సంగతి జర చెప్పు."

"చెప్పుడేంది, పొద్దూకంగ మంచం లోపలికి గుంజుకున్న. దుప్పటి తడవకముందే మల్ల బయటేసిన. గీత గూడ గోరంత లేసి పండుకున్నది."

ఆ సాయంత్రం నువ్వు చెన్నూరులోనే ఉన్నావు కదా బావా? ఆ చినుకులు నీ గొడుగు మీద కూడా పడి ఉంటాయి. చెన్నూరులో గోరంత పడ్డ మబ్బు గద్దెరేవుకు వచ్చి మూడు అంగుళాలు దంచిందా? దంచితే అక్క ఏమంది? పసివాడు ఉరుముకు ఉలిక్కిపడలేదా? ఇంట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళను "రాత్రి వాన ఎట్లా పడింది" అని ఒక్క మాట అడిగావా? అడిగి ఉండవు. డబ్బా చెప్పాక ఆడవాళ్ళ మాట నీకెందుకు? సందేహం ఉంటే సందేహమని రాయడానికి నీ సర్కారు కాగితంలోనే జాగా ఉంది. క్యాంపులో చూశాను. అది ఖాళీగా వదిలి తంతి ఆఫీసుకు ఉరికావు.

నా లెక్క ఇది. వాన పడలేదు. డబ్బాలో నీళ్ళున్నాయి. బావి నీ బడి పక్కనే ఉంది. కరువు పనులు మూయించాలని తాసీల్దారు తొందర. ఆ తొందరకు నువ్వు బొక్కెన వేశావు.

ఇదే మాట కలెక్టరు గారికి అర్జీ రాశాను. ఊరంతా వేలిముద్రలు వేసింది. నీ పేరు, బడి పేరు, డబ్బా పేరు అన్నీ ఉన్నాయి. విచారణకు ఆఫీసరు వస్తాడు. ఆయన గంటలూ నిమిషాలూ అడుగుతాడు. సిద్ధంగా ఉండు.

ఐలవ్వ నిన్న ప్రాణహిత దాటి సిరొంచ వైపు పోయింది, అక్కడ కట్టెలు మోసే పని ఉందని ఎవరో చెబితే. ఆ వయసులో. పోతూ పోతూ నాతో అన్నది: "మీ బావకు చెప్పు బిడ్డా, సిరొంచల గూడ వాన పడ్డదని జర రాయొద్దని."

బక్కయ్య

*

గద్దెరేవు,
3-8-1966.

ప్రియమైన బక్కయ్యా,

నీ కార్డులు అందాయి. కోపంగా జవాబు రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది మూడోది.

అర్జీ వెనక్కి తీసుకో. నిన్ను ఆజ్ఞాపించడం లేదు, బతిమాలుతున్నాను. నీ ముందు ఈ మాట వాడవలసి వస్తుందని అనుకోలేదు. బావిలోంచి నేను నీళ్ళు పోయలేదు. దేవుడి తోడు. అంతకు మించి నన్ను అడగవద్దు. ఆ నీళ్ళ గురించి నాకు తెలిసింది నేను చెప్పను. చెబితే నీకే ఎక్కువ దెబ్బ.

విచారణ వస్తే నేను ఒక మాట చెప్పవలసి ఉంటుంది. నిజం చెబితే ఈ ఇల్లు నిలవదు. అబద్ధం చెబితే నేను నిలవను. నువ్వు సైకిలు చప్పుడు వింటే మేస్త్రి అనుకుంటావు. నేను ఆఫీసరు అనుకుంటున్నాను. బళ్ళో ఎక్కాలు చెబుతూ చెబుతూ ఆగిపోతున్నాను.

మీ ఊరికి నేను ఏమీ చేయననుకోకు. మా జొన్నలలోంచి ఒక బస్తా బండి మీద పంపుతున్నాను. నువ్వు పంచు. నా పేరు చెప్పకు. ఎట్లాగూ ఈ పక్షంలోనో వచ్చే పక్షంలోనో వాన పడక మానదు. పడితే ఈ గొడవ దానితోనే కొట్టుకుపోతుంది. అంతదాకా ఓర్చుకో.

దెబోరా కూడా ఇదే కోరుతోంది. అత్తమ్మ రెండు రోజులుగా సరిగా అన్నం ముట్టడం లేదు. పిల్లవాడిని మాత్రం ఎత్తుకునే ఉంటుంది. ఆమె ఆరోగ్యం గురించి ఆలోచించైనా ఊరుకో.

నువ్వు ఇక్కడికి రావద్దు. గుమ్మం మాట కోపంలో అన్నాను, దాని కోసం కాదు. రావద్దంతే.

నీ బావ,
సామ్యూల్

*

ఇప్పలగూడెం,
9-8-1966.

నా తల్లిని అడ్డం పెట్టుకుని నా ఊరిని ఎండబెట్టావు. తెలిసీ చేశావు. తెలిసిన రోజు నుంచి ఈ రోజు దాకా చేస్తూనే ఉన్నావు.

ఇది కార్డు కాదు, మూసిన కవరు. పోస్టులో వేయడం లేదు. చెన్నూరు బస్సు కండక్టరు చేతికి ఇస్తున్నా, నీ చేతికే ఇమ్మని. ఈసారి మూయడం నీ పరువు కోసం కాదు. అవ్వ పేరు అవ్వ నోటి నుంచే రావాలని.

నీ జొన్నల బస్తా వచ్చింది. బండివాణ్ని తిప్పి పంపాను. అదే బండి ఎక్కి మీ ఇంటికి వచ్చాను, నువ్వు రావద్దన్నావు కాబట్టి. నువ్వు బళ్ళో ఉన్నావు. ఎక్కాలు వినిపిస్తున్నాయి. అవ్వ పెరట్లో పసివాడి గుడ్డలు పిండుతోంది. నన్ను చూసి లేవలేదు. కూర్చున్న చోటే చేతులు ఆగిపోయాయి.

"నువ్వొస్తవని ఎరికేరా," అన్నది.

"ఏందే అవ్వా, గిట్లయినవు? తింటలేవా?"

"ఎట్ల తింటరా? మీ ఊరి కూడు నేనే ఎత్తేసిన."

నాకు అర్థం కాలేదు. నీళ్ళు పోసింది నువ్వైతే, అవ్వ ఎందుకు కుమిలిపోతోంది అనుకున్నా. అప్పుడు చెప్పింది. ఆమె చెప్పినట్టే రాస్తున్నా. నువ్వు విన్నదే. మళ్ళీ చదువు.

"గురువారం పగటీలి కప్పతల్లి వచ్చిందిరా. రోకలికి కప్పను కట్టుకొని, ఏపాకు చుట్టుకొని, పిల్లలు పాట పాడుకుంట. ముందల పోశవ్వ. ఇల్లిల్లు తిరిగినరు. ఇల్లిల్లు చెంబెడు నీళ్ళు కప్ప మీద పోసిండ్రు. మల్ల మన గేటు కాడ నిలవడ్డరు. మిషనోళ్ళు పొయ్యరని ఎరికే, అయినా నిలవడ్డరు. నేను గుమ్మంల నిలవడ్డ. పోశవ్వ అన్నది: 'ఏందే రిబ్కా, వాన పడితె మీ గేటు బయట్నే పడతదా? లోపల గూడ పడతది గద? నువ్వు నేను ఒక్క మడిల నాటేసినోళ్ళమే. నీ ఏసు చెంబెడు నీళ్ళకు గుస్స అయితడా?'"

"పోసినవా మరి?"

"కప్ప మీద పొయ్యలే. బాప్తిస్మం నాడు గవన్ని చెయ్యనని మాటిచ్చిన. మాట తప్పలే. ఉత్త చేతుల్తోని పంపుదమంటె మనసొప్పలేదురా. వాళ్ళు అడిగేది అన్నమా, బట్టనా? వాన. చెంబు చేతుల్నే ఉన్నది. గప్పుడు గా డబ్బా కనవడ్డది. గది కప్ప కాదు, సిలువ కాదు. సర్కారుది. దానికి కులం లేదు, దేవుడు లేడు. వాన కోసమే పెట్టినరని సామ్యూలే చెప్పె. దాని సుట్టున్న తీగ దాటి పోయి దాంట్ల పోసిన. పోశవ్వ ఒక్కటే నవ్వుడు. 'అగో, రిబ్కక్క సర్కారు దేవునికి అభిషేకం చేసింది' అన్నది. సంబురంగ పోయినరు. పొద్దూకంగ నాలుగు చినుకులు పడ్డయి. నా చెంబుకే పడ్డయనుకున్నరా నేను."

ఒక చెంబు బావా. అయిదు అంగుళాల గరాటులో ఒక్క చెంబు. ఒక్క ఊపిరిలో. చెన్నూరు డోలు మీద పడి ఉంటే ఆ గీత కింది నుంచి పైదాకా గోడలా నిలబడేది, ఏ మబ్బూ అట్లా కురవదని పిల్లవాడు కూడా చెప్పేవాడు. నీ సీసాకు అది తెలియదు. నిదానంగా వచ్చిన నీళ్ళూ, ఒక్కసారి వచ్చిన నీళ్ళూ దానికి ఒకటే. దాన్ని నేను తిట్టను. ఇంట్లో ఉన్న మనిషిని అడగని నిన్ను తిడతా.

బావిలోంచి పోశావని అర్జీలో రాశాను. అది తప్పు. ఆ మాట కొట్టేసి కలెక్టరుకు నిన్ననే వేరే కాగితం పంపాను. నీ మీద నింద తీసేశాను, చాలా? ఇప్పుడు అసలు నింద విను. నా మూడు కార్డులు అక్క చదివి వినిపించిన రోజే అవ్వ నీ దగ్గరకు వచ్చి "నేనే పోసిన బిడ్డా" అని చెప్పింది. నువ్వేమన్నావు? "అత్తమ్మా, గీ మాట గీడనే సచ్చిపోవాలె" అన్నావు. తలుపు వేశావు. అక్కతో ఒట్టు పెట్టించావు. తర్వాత నాకు ఉత్తరం రాశావు, ఓర్చుకోమని. ఎవరిని ఓర్చుకోమన్నావు? సిరొంచకు పోయినవాళ్ళనా?

నీ భయాలు నాకు తెలుసు. పాస్టరుకు తెలిస్తే అవ్వను ప్రభువు బల్ల నుంచి తీసేస్తారు, గుడిలో అందరికీ పంచే రొట్టె, రసం ఆమెకు ఇవ్వరు. నలుగురి ముందు నిలబెడతారు. మిషన్ బడి పంతులు ఇంట్లో కప్పతల్లికి నీళ్ళు పోశారని నీ ఉద్యోగం పోతుంది. డబ్బా పోతుంది. తొమ్మిదేళ్ళ పేరు పోతుంది. నిజమే కావచ్చు. అవ్వ మీద నీకు ప్రేమ లేదని నేను అనను. సొంత కొడుకులా చూశావు. కాని ఆ ప్రేమకు కూలి మా ఊరు ఎందుకు కట్టాలి?

అవ్వను తీసుకుని వచ్చేశాను. అక్క ఏడ్చింది. నువ్వు ఇంకా ఎక్కాలు చెబుతూనే ఉన్నావు. ఏడు ఎక్కం.

ఇక్కడికి వచ్చాక అవ్వ నా ఇంట్లో కూర్చోలేదు. ఊరు విడిచిపోయినవాళ్ళు తాళ్ళు కట్టిన తలుపుల ముందు నుంచి నడిచి సీదా అంబదాస్ దగ్గరకు పోయింది. నేను వెనక పోయాను.

"అయ్యా, గద్దెరేవుల వాన పడలే. డబ్బాల నీళ్ళు నేనే పోసిన. పని మల్ల తెరువుండ్రి."

అంబదాస్ ముందు నా వంక చూశాడు, తర్వాత నవ్వాడు. "అరే బాబా, ముసల్దానికి ఎండ తాకింది. లోపలికి తీస్కపో."

"ఎండ గాదయ్యా. ఏసు తోడు, నేనే పోసిన."

"పోసినవో, పొయ్యలేదో, నాకేం ఎరుక అవ్వా? నువ్వు చెప్పితె తాసీలు ఇంటదా? లెక్క పంతులుది. తప్పు పడ్డదని పంతులే రాయాలె. ఆయన సంతకం లేంది నేను ఒక్క తట్ట గూడ లేపనియ్య. నా నౌకరి పోతది."

వాడు చెప్పింది నిజం. అందుకే నీకు రాస్తున్నా. లేకుంటే నీకు ఇంకో అక్షరం రాసేవాణ్ని కాదు. నా తల్లి తన నోటితో చెప్పినా చెల్లదట. మా ఊరి వేలిముద్రలు చెల్లవట. ఆఫీసరు విచారణ ఎప్పుడో, అది తేలేసరికి ఇక్కడ ఎవరుంటారో. ఈ రోజు చెల్లేది నీ సంతకం ఒక్కటే. నువ్వు కూడబెట్టుకున్న ఆ తొమ్మిదేళ్ళ పేరు దీనికి పనికి రాకపోతే దేనికి?

దారిలో అవ్వను అడిగాను, బల్ల నుంచి తీసేస్తే ఏం చేస్తావని. "తీసేస్తె తీసేస్తరు," అన్నది. "తప్పు చేసినోళ్ళను తీసేస్తరు గద. నేను చేసిన. బయట అరుగు మీద కూసుంట. పాట గాడికి గూడ ఇనవడతది." నువ్వు భయపడుతున్నది ఆమె కోసమా, నీ కోసమా? నాకు జవాబు అక్కర్లేదు. నీకు నువ్వు చెప్పుకో.

ఇప్పుడు చేయవలసింది. తాసీలుకు రెండు వాక్యాలు రాయి. పదిహేనో తేదీ పొద్దున నేను కొలిచిన నీళ్ళు వాన నీళ్ళు కావు, ఒక మనిషి పోసినవి, నేను అడగకుండా రాశాను, ఆ లెక్క కొట్టేయండి. ఎవరు పోశారో రాయడమా మానడమా అని నన్ను అడగకు. అవ్వ రాయమంది. రిబ్కమ్మ అని రాయమంది. కింద నీ సంతకం. అసలు కాగితం తాసీలుకు, నకలు అంబదాస్‌కు.

శనివారం చెన్నూరు చివరి బస్సు దాకా చూస్తాం. ఆ బస్సులో నకలు రాకపోతే, ఆదివారం పొద్దున అవ్వ, నేను గద్దెరేవు గుడిలో ముందు వరుసలో కూర్చుంటాం. పాస్టరు సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవండి అన్నప్పుడు అవ్వ లేస్తుంది. ఆమె చెంబు సంగతి చెబుతుంది. నువ్వు తలుపు వేసిన సంగతి నేను చెబుతా.

శనివారం. చివరి బస్సు.

బక్కయ్య